మాచర్లలో అందరూ ‘వీడియో గేమ్’ అన్న ఆ డబ్బా అసలు పేరు ఫ్యామికామ్.. జపాన్‌లో పుట్టి పల్నాడు దాకా ఎలా వచ్చింది?

మాచర్ల: ఎరుపు, తెలుపు ప్లాస్టిక్ డబ్బా.. వైర్లతో రెండు రిమోట్లు.. పైన గుచ్చే క్యాసెట్. ఆన్ చేయగానే టీవీలో ఆటల లిస్ట్. 1990ల్లో, 2000ల మొదట్లో చదువుకున్న పిల్లలకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట.. ఏ ఊళ్లో అడిగినా దాని పేరు ఒక్కటే, ‘వీడియో గేమ్’. డబ్బా మీద ఏ కంపెనీ పేరు రాసి ఉందో ఎవరూ పట్టించుకోలేదు.

కానీ దానికి అసలు పేరు ఉంది. తయారు చేసిన మనిషి ఉన్నాడు. పుట్టిన తేదీ కూడా ఉంది. 1983 జులై 15న జపాన్‌లో రిలీజైన ‘ఫ్యామిలీ కంప్యూటర్’, షార్ట్‌గా ఫ్యామికామ్. దాని కథేంటో, అది మన దాకా ఏ దారిలో వచ్చిందో చూద్దాం.

ముఖ్యాంశాలు
• తయారు చేసింది జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీ
• డిజైన్ టీమ్‌కి హెడ్ మసయుకి ఉయెమురా
• రిలీజ్ నాటి ధర 14,800 యెన్లు
• అమెరికాలో ‘ఎన్‌ఈఎస్’ పేరుతో 1985లో ఎంట్రీ
• ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన ఒరిజినల్ మెషిన్లు 6 కోట్ల 19 లక్షలు
• మన ఊళ్లకు ఎక్కువగా వచ్చినవి మాత్రం ఒరిజినల్స్ కావు, కాపీలు

పేకముక్కల కంపెనీ

నింటెండో మొదలైంది 1889లో. అప్పటికి ప్రపంచంలో టీవీయే లేదు. ఫుసజిరో యమౌచి అనే వ్యాపారి క్యోటోలో ‘హనఫుద’ అనే పూల బొమ్మల పేకముక్కలు చేసి అమ్మడంతో ఆ కంపెనీ పుట్టింది. ఆయన ముని మనవడు హిరోషి యమౌచి 1949లో ప్రెసిడెంట్ అయ్యాడు. పేకముక్కల మీద మాత్రమే బతకడం కష్టమని టాక్సీలు నడిపాడు, బొమ్మలు అమ్మాడు, చాలా వ్యాపారాల్లో చెయ్యి పెట్టాడు. కొన్ని నిలిచాయి, కొన్ని మునిగాయి.

1977లో నింటెండో టీవీకి తగిలించే గేమ్ మెషిన్లు మొదలుపెట్టింది. అయితే వాటిలో ఆటలు లోపలే ఫిక్స్ అయి ఉండేవి. ఆ నాలుగు ఆటలు బోర్ కొడితే ఇక మెషిన్ మూలన పడ్డట్టే. 1980లో చేతిలో పట్టుకుని ఆడే ‘గేమ్ అండ్ వాచ్’, 1981లో నాణెం వేసి ఆడే ‘డాంకీ కాంగ్’ పెద్ద హిట్ అయ్యాయి. కంపెనీ చేతిలో డబ్బు ఆడింది.

ఒక ఫోన్ కాల్‌తో మొదలు

1981లో యమౌచి నుంచి ఉయెమురాకు ఫోన్ వచ్చింది. అంతకుముందు షార్ప్ కంపెనీలో పనిచేసి నింటెండోకి వచ్చిన ఇంజనీర్ ఈయన. యమౌచి అడిగింది సింపుల్. క్యాసెట్ మార్చుకుంటూ ఆటలు ఆడే మెషిన్ కావాలి. మామూలు ఇళ్లవాళ్లు కొనగలిగేంత చవకగా ఉండాలి. పోటీ కంపెనీలు చాలా కాలం అందుకోలేనంత బాగుండాలి.

చవక, బాగు.. ఈ రెండూ ఒకే డబ్బాలో పట్టించడమే అసలు తలనొప్పి. గేమ్ సెంటర్లలో ఉండే డాంకీ కాంగ్ మెషిన్ బీరువా అంత ఉండేది. అలాంటి ఆటనే చిన్న డబ్బాలో, ఇంటి టీవీ మీద నడిపించాలి.

చిప్ కోసం పందెం

ఉయెమురా టీమ్‌కి కావాల్సిన చిప్ చేయడానికి ముందుకొచ్చిన కంపెనీ రికో. అప్పట్లో రికో ఫ్యాక్టరీకి ఆర్డర్లు లేక మెషిన్లు ఖాళీగా ఉన్నాయి. అయినా నింటెండో అడిగిన రేటు చూసి వాళ్లకు దిమ్మ తిరిగింది. ఒక్కో చిప్ 2,000 యెన్లకే కావాలంది నింటెండో. ఆ రేటు కోసం యమౌచి ఒక మాట ఇచ్చాడు. రెండేళ్లలో 30 లక్షల చిప్‌లు కొంటామని.

కోడిపందెంలో ఓడి రాజు ఊరు వదిలిపోయిన కథ విన్న పల్నాడు వాళ్లకు పందెం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే. ఇంకా బయటికే రాని మెషిన్ కోసం 30 లక్షల చిప్‌లకు మాటివ్వడం అంటే, అది అమ్ముడుపోకపోతే మునిగేది కంపెనీయే. నింటెండో లోపల పనిచేసేవాళ్లే ఇది జరిగే పని కాదనుకున్నారు.

రికో ఇచ్చిన చిప్‌కి మూలం ‘6502’ అనే అమెరికన్ ప్రాసెసర్ డిజైన్. జపాన్‌లో అప్పటికి ఎక్కువ మంది ఇంజనీర్లకు అలవాటైంది ‘జెడ్80’. దాంతో నింటెండో టీమ్ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అదే ప్లస్ కూడా అయింది. పోటీ కంపెనీలకు ఈ చిప్ గుట్టు పట్టుకోవడానికి టైమ్ పట్టింది.

ఇక పేరు. మెషిన్‌కి ‘ఫ్యామికామ్’ అనే పేరు సూచించింది ఉయెమురా భార్య అని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. పర్సనల్ కంప్యూటర్‌ని జపాన్ వాళ్లు కుదించి ‘పసొకోన్’ అంటారు. అలాగే ఫ్యామిలీ కంప్యూటర్ కాస్తా ఫ్యామికామ్ అయింది.

రిమోట్ వెనుక కథ

ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ ఆకారం బటన్ గుర్తుందా? అది నింటెండో ఇంజనీర్ గున్‌పెయ్ యోకోయ్ ఐడియా. 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసం చేశాడు. ముందు ఫ్యామికామ్‌కి నిలువు కర్రలా ఉండే జాయ్‌స్టిక్ పెట్టాలనుకున్నారు. అయితే పిల్లలు ఆడి నేల మీద వదిలేస్తారు, ఎవరో ఒకరు తొక్కుతారు, కర్ర విరుగుతుంది. అందుకే బల్లపరుపుగా ఉండే ప్లస్ బటన్ పెట్టారు. ఇప్పటికీ గేమ్ కంట్రోలర్లలో ఆ బటన్ కనిపిస్తూనే ఉంది.

రెండో రిమోట్‌లో ఒరిజినల్‌గా చిన్న మైక్ ఉండేది. స్టార్ట్, సెలెక్ట్ బటన్లు మాత్రం ఉండేవి కాదు. ఇక క్యాసెట్ అనే మాట మనవాళ్లు పాటల క్యాసెట్ చూసి పెట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. కానీ జపాన్‌లో కూడా దాన్ని పిలిచింది ‘కసెట్టో’ అనే.

2 కేబీలో ఇంత ఆటా?

ఫ్యామికామ్ ప్రాసెసర్ స్పీడ్ 1.79 మెగాహెర్ట్జ్. ర్యామ్ 2 కిలోబైట్లు. బొమ్మల కోసం ఇంకో 2 కిలోబైట్లు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌లో 4 జీబీ ర్యామ్ ఉందనుకుంటే, అది ఫ్యామికామ్ ర్యామ్‌కి దాదాపు 20 లక్షల రెట్లు. ‘సూపర్ మారియో బ్రోస్’ ఆట మొత్తం సైజ్ 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో కూడా చాలాసార్లు అంతకంటే పెద్దదే ఉంటుంది.

అంత తక్కువలో ఎలా సరిపెట్టారు? బొమ్మను పూర్తిగా దాచుకోకుండా చిన్న చిన్న గడుల ముక్కలుగా చేసి, కావాల్సిన చోట పేర్చేవారు. ఇంటికి టైల్స్ వేసినట్టు అన్నమాట. మారియోలో ఆకాశంలో ఉండే మేఘం, నేల మీద ఉండే పొద.. రెండూ ఒకే ఆకారం. రంగు మాత్రమే మారింది. ఈ సంగతి తెలియకుండానే ఏళ్ల తరబడి ఆడినవాళ్లు ఎంతమందో!

ఇంకో విషయం. ‘కాంట్రా’లో శత్రువులు, బుల్లెట్లు ఎక్కువైతే బొమ్మలు మినుకుమినుకుమనేవి. టీవీ పాడైందని, కరెంట్ లో-వోల్టేజ్ అని అనుకునేవాళ్లు. అసలు కారణం వేరు. కదిలే బొమ్మ ముక్కలు స్క్రీన్ మొత్తం మీద 64, ఒక అడ్డగీత మీద 8కి మించి ఈ మెషిన్ చూపించలేదు. అంతకు మించితే వంతులవారీగా చూపిస్తుంది. అదే ఆ మినుకు.

1983 జులై 15: రిలీజ్ రోజు

రిలీజ్ రోజున వచ్చిన ఆటలు మూడే మూడు. డాంకీ కాంగ్, డాంకీ కాంగ్ జూనియర్, పొపాయ్. అదే రోజు సెగా కంపెనీ కూడా ‘ఎస్‌జీ-1000’ అనే మెషిన్‌ను 15,000 యెన్లకు రిలీజ్ చేసింది. అంటే పోటీ మొదటి రోజు నుంచే ఉంది.

అంతలోనే దెబ్బ. కొన్ని మెషిన్లు ఆట మధ్యలో ఆగిపోతున్నాయని కంప్లయింట్లు వచ్చాయి. చిప్‌లో లోపం బయటపడింది. ఒక్కో మెషిన్ వచ్చినప్పుడు చూసి బాగుచేసి ఇవ్వొచ్చు. యమౌచి ఆ దారి పట్టలేదు. అమ్మిన మెషిన్లు వెనక్కి తెప్పించి లోపలి బోర్డు మార్చి పంపించారు. నష్టం పెద్దదే. పేరు మాత్రం నిలబడింది. మొదట్లో రిమోట్లకు ఉన్న చతురస్రం రబ్బర్ బటన్లు ఇరుక్కుపోతుండటంతో వాటి స్థానంలో గుండ్రటి ప్లాస్టిక్ బటన్లు వచ్చాయి. 1984 చివరికి జపాన్‌లో ఎక్కువ అమ్ముడయ్యే గేమ్ మెషిన్ ఫ్యామికామే.

అమెరికాలో వద్దన్నారు

ఇదిలా ఉంటే అదే టైమ్‌లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు మార్కెట్‌ని ముంచెత్తాయి. అటారీ కంపెనీ ‘ఈటీ’ సినిమా పేరుతో చేసిన ఆట ఎవరికీ నచ్చలేదు. మిగిలిపోయిన క్యాసెట్లను న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఎడారిలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే అవి నిజంగానే బయటపడ్డాయి. షాపుల వాళ్లకు వీడియో గేమ్ అంటేనే భయం పట్టుకుంది.

ఫ్యామికామ్‌ను అమెరికాలో అటారీ ద్వారా అమ్మించాలని నింటెండో 1983లో మాట్లాడింది. బేరం కుదరలేదు. దాంతో సొంతంగానే దిగింది. అమెరికా శాఖకు హెడ్ యమౌచి అల్లుడు మినోరు అరకావా. షాపుల వాళ్లు గేమ్ మెషిన్ అంటే తలుపులు వేస్తున్నారు కాబట్టి రూపమే మార్చేశారు. ఎరుపు, తెలుపు పోయి బూడిద రంగు వచ్చింది. క్యాసెట్ పైన గుచ్చకుండా వీసీఆర్‌లోలా ముందు నుంచి తోసేలా చేశారు. ‘రాబ్’ అనే చిన్న రోబో బొమ్మను, టీవీ మీద కాల్చే గన్‌ను జత చేశారు. పేరు నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, అంటే ఎన్‌ఈఎస్.

1985 అక్టోబర్ 18న న్యూయార్క్‌లో ట్రయల్‌గా అమ్మకాలు మొదలయ్యాయి. అమ్ముడుపోని సరుకు మేమే వెనక్కి తీసుకుంటామని షాపుల వాళ్లకు మాటిచ్చారు. ట్రయల్ గట్టెక్కింది. 1986లో అమెరికా అంతటా వచ్చింది.

దానికి కొద్దిగా ముందే, 1985 సెప్టెంబర్ 13న, జపాన్‌లో షిగెరు మియమోతో, తకాషి తెజుకా చేసిన ‘సూపర్ మారియో బ్రోస్’ వచ్చింది. ఆ ఆట 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. ఇక వెనక్కి చూసింది లేదు.

మరి మాచర్ల దాకా ఎలా?

అసలు ప్రశ్న ఇదే. జపాన్ నుంచి తెచ్చిన ఒరిజినల్ ఫ్యామికామ్ అప్పటి మాచర్ల ఇంట్లో పెట్టినా సరిగ్గా పనిచేసేది కాదు. అక్కడి కరెంట్ 100 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనవి పాల్ పద్ధతి. పైగా వినియోగ వస్తువుల దిగుమతులపై మన దేశంలో ఆంక్షలు ఉండేవి. 1991లో పీవీ నరసింహారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్థిక సంస్కరణల తర్వాత కూడా అవి ఒక్కసారిగా పోలేదు. పూర్తిగా ఎత్తేసింది 2001 ఏప్రిల్‌లో.

ఆ ఖాళీలోకి వచ్చినవే కాపీ మెషిన్లు. తైవాన్ కంపెనీలు ఫ్యామికామ్ చిప్‌లను చూసి అలాగే పనిచేసే చిప్‌లు తయారు చేశాయి. పాల్ టీవీల మీద నడిచేలా మార్పులు కూడా చేశాయి. అమెరికాకు పంపిన ఎన్‌ఈఎస్‌లో నకిలీ క్యాసెట్లు నడవకుండా ఒక లాక్ చిప్ ఉంది. జపాన్ ఫ్యామికామ్‌లో ఆ లాక్ లేదు. అందుకే కాపీ మెషిన్లు ఎక్కువగా జపాన్ మోడల్‌నే పట్టుకున్నాయి. మన దగ్గర చూసిన క్యాసెట్లు చాలావరకు జపాన్ తరహా 60 పిన్నుల క్యాసెట్లు కావడానికి కారణం ఇదే.

ఇలాంటి డబ్బాలు ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో వెళ్లాయి. రష్యాలో 1992లో వచ్చిన ‘డెండీ’, చైనాలో ‘సుబోర్’, ఇండియాలో ‘లిటిల్ మాస్టర్’. పేర్లు వేరు, లోపలి తెలివి ఒక్కటే. క్యోటోలో 1983లో గీసిన డిజైన్.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. మామూలు ఇళ్లవాళ్లు కొనగలిగేలా ఉండాలని ఉయెమురా టీమ్ చవకైన చిప్, చవకైన ప్లాస్టిక్, మెషిన్‌కే అతికించిన రిమోట్లు పెట్టింది. ఆ చవకతనమే కాపీ చేయడాన్ని కూడా చవక చేసింది. అందువల్లే ఆ మెషిన్ కంప్యూటర్ కొనే స్తోమత లేని ఇళ్లలోకీ వచ్చింది. లైసెన్స్ లేని ఆ డబ్బాల మీద నింటెండోకి రూపాయి రాలేదు, పేరు కూడా దక్కలేదు. ఆడిన పిల్లలకు మాత్రం తొలిసారి టీవీలోని బొమ్మ తమ చేతి మాట వినడం అనుభవమైంది.

జపాన్‌లో అప్పటికే ట్రెండ్ మారిపోయింది. 1990 నవంబర్‌లోనే ‘సూపర్ ఫ్యామికామ్’ వచ్చేసింది. అక్కడ పాతబడ్డ మెషిన్ ఇక్కడ ఏళ్ల తరబడి కొత్తగానే ఉంది.

ఆ డబ్బా నుంచి ఒప్పో, వివో దాకా

చైనాలో సుబోర్‌ను పెద్ద బ్రాండ్‌గా మార్చిన మేనేజర్ పేరు డువాన్ యోంగ్‌పింగ్. కీబోర్డ్ తగిలించి ‘పిల్లల చదువు మెషిన్’ అని అమ్మారు. యాడ్‌లో జాకీ చాన్ నటించాడు. 1995లో డువాన్ బయటికి వచ్చి బీబీకే కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ నుంచి వచ్చినవే ఒప్పో, వివో ఫోన్లు. అంటే ఈ వార్తను ఆ ఫోన్లలో చదువుతున్నవాళ్ల చేతిలోని బ్రాండ్‌కి, చిన్నప్పటి మారియో డబ్బాకి దూరపు చుట్టరికం ఉన్నట్టే.

అందరికీ ఉండే డౌట్లు.. జవాబులు

క్యాసెట్ ఊదితే నిజంగా పనిచేసేదా?
ఊదడం వల్ల కాదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గా తగలడం వల్ల పనిచేసేది. పైగా నోటి తడి వల్ల పిన్నులు పాడవుతాయి. ఊదవద్దని నింటెండో కూడా చెప్పింది.

బాతులను కాల్చే గన్ ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ మీద ఎందుకు పనిచేయదు?
గన్ నుంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టంలో వెలుగును పట్టే సెన్సార్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ క్షణంలో నల్లగా మారి, బాతు ఉన్న చోట తెల్లటి గడి మెరుస్తుంది. ఆ తెలుపు సెన్సార్‌కి తగిలితే బాతు పడినట్టు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఇది వెంటనే జరిగేది. కొత్త టీవీలు బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తాయి. అందుకే గురి తప్పుతుంది.

9999 ఆటలు నిజంగా ఉండేవా?
లేవు. ఉన్నవి కొన్నే. వాటినే లెవెల్ మార్చి, పేరు మార్చి లిస్ట్‌లో మళ్లీ మళ్లీ చూపించేవారు.

కాంట్రాలో 30 లైఫ్‌ల చిట్కా ఎవరిది?
పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ. కొనామి కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోతో దీన్ని మొదట ‘గ్రేడియస్’ ఆట కోసం పెట్టారు. ఆట కష్టంగా ఉండి, టెస్ట్ చేయడానికి ఆయనకే ఇబ్బంది అయిందట. తీసేయడం మర్చిపోతే అది ప్రపంచమంతా పాకింది. ఆయన 2020 ఫిబ్రవరిలో మరణించారు.

చివరికి ఏమైంది?

జపాన్‌లో ఫ్యామికామ్ తయారీ 2003లో ఆగింది. అంటే రిలీజైన 20 ఏళ్ల దాకా తయారవుతూనే ఉంది. మొత్తం అమ్మకాల్లో జపాన్ వాటా కోటి 93 లక్షలు, అమెరికా ఖండాల వాటా 3 కోట్ల 40 లక్షలు. కాపీ డబ్బాలు ఈ లెక్కలో లేవు.

2016లో నింటెండోనే పాత ఆటలతో ఒక చిన్న సైజ్ మెషిన్ రిలీజ్ చేసింది. షాపుల్లో, ఆన్‌లైన్‌లో ‘రెట్రో గేమ్’ పేరుతో ఇప్పుడు దొరికే చవక డబ్బాల్లో చాలావరకు పాత కాపీల వారసులే. వందల ఆటలని రాసి ఉంటే నమ్మేయకుండా, కొనేముందు ఆన్ చేసి లిస్ట్ కిందిదాకా చూసుకోవడం మంచిది.

యమౌచి 2013లో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఉయెమురా రిటైరయ్యాక క్యోటోలోని రిత్సుమేకన్ యూనివర్సిటీలో గేమ్‌ల గురించి పాఠాలు చెప్పారు. 2021 డిసెంబర్ 6న, 78 ఏళ్ల వయసులో చనిపోయారు. పల్నాడులో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువే. ఆయన డిజైన్ మీద ఆడినవాళ్లు మాత్రం వీధికి ఒకరైనా ఉంటారు.

ఒక్క చూపులో
• 1889: క్యోటోలో పేకముక్కల కంపెనీగా నింటెండో
• 1981: క్యాసెట్ మెషిన్ చేయమని ఉయెమురాకు యమౌచి ఫోన్
• 1983 జులై 15: ఫ్యామికామ్ రిలీజ్
• 1985 సెప్టెంబర్ 13: జపాన్‌లో సూపర్ మారియో బ్రోస్
• 1985 అక్టోబర్ 18: న్యూయార్క్‌లో ఎన్‌ఈఎస్
• 1990 నవంబర్: జపాన్‌లో సూపర్ ఫ్యామికామ్
• 2003: ఫ్యామికామ్ తయారీకి ఫుల్‌స్టాప్